పాత కారులోని ‘అనవసరపు బరువు’: దాని వెనుక ఆరోగ్య చరిత్ర

అమెరికాలో 1970ల నాటి స్పోర్ట్స్ కార్లను కొని, వాటిని స్వయంగా బాగుచేసుకొనే అభిరుచి గలవారు చాలామంది ఉన్నారు. షెవ్రొలే కార్వెట్ వంటి పాత కారు చేతికి రాగానే కొందరు ముందుగా ఇంజను చుట్టూ అల్లుకొన్న గొట్టాలను, పంపులను, కవాటాలను ఊడదీస్తారు. ఎయిర్ కండిషనర్ కంప్రెసర్, పొగ గొట్టంలోనికి గాలిని నెట్టే పంపు, కేటలిటిక్ కన్వర్టర్ అన్నీ వారి దృష్టిలో అనవసరపు బరువే. అవి పోతే కారు తేలికపడి వేగం పుంజుకొంటుందని వారి నమ్మకం. కాని ఆ పరికరాలు ఊరక రాలేదు. వాటిలో చాలావాటి వెనుక మనుషుల కళ్ళు, ఊపిరితిత్తులు, నెత్తురు, పసిపిల్లల మెదళ్ళు అనుభవించిన బాధ ఉంది.

లాస్ ఏంజెలెస్ మంటలు

1943 జూలైలో ఒకనాడు లాస్ ఏంజెలెస్ నగరాన్ని దట్టమైన పొగమంచు వంటి పొర కప్పివేసింది. ప్రజల కళ్ళు మండాయి, గొంతులు గరగరలాడాయి. అది యుద్ధకాలం కనుక జపాను విషవాయువు ప్రయోగించిందేమో అని కొందరు భయపడ్డారు. ఆ పొర ఆ తరువాత కూడా మళ్ళీ మళ్ళీ వచ్చింది. అనాస పండు పరిమళాన్ని పరిశోధిస్తున్న హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950ల ఆరంభంలో దాని గుట్టు విప్పాడు. వాహనాల నుండి, చమురు శుద్ధి కర్మాగారాల నుండి వెలువడే హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు సూర్యకాంతిలో కలిసి ఓజోనును పుట్టిస్తున్నాయని ఆయన చూపాడు. నేలకు దగ్గరగా ఉండే ఓజోను శ్వాసనాళాల లోపొరను రేపుతుంది, ఉబ్బసాన్ని పెంచుతుంది.

ఇంజనుపై ఒక్కొక్క పరికరం చేరింది ఆ తరువాతనే. క్రాంక్ కేసులో చేరే ఆవిరులను తిరిగి ఇంజనులోనికే పంపే కవాటం 1960ల ఆరంభంలో వచ్చింది. గాలి పంపు పొగలో మండకుండా మిగిలినదానిని మండిస్తుంది. కొంత పొగను తిరిగి ఇంజనులోనికి పంపే కవాటం మంట వేడిని తగ్గించి నైట్రోజన్ ఆక్సైడులను అదుపు చేస్తుంది. పెట్రోలు ఆవిరిని బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది. 1970లో అమెరికా స్వచ్ఛ గాలి చట్టాన్ని గట్టిపరచగా, 1975 నాటి కార్లలో కేటలిటిక్ కన్వర్టర్ విరివిగా చోటుచేసుకొంది.

సీసం కథ

కన్వర్టర్ లోని ప్లాటినం, పల్లేడియం లోహాలు సీసం తగిలితే పనికిరాకుండా పోతాయి. కాబట్టి కన్వర్టరుతో పాటు సీసం లేని పెట్రోలు కూడా రావలసి వచ్చింది. పెట్రోలులో సీసం చేరిన వైనం వేరే కథ. 1921లో జనరల్ మోటార్స్ సంస్థలో పనిచేస్తున్న థామస్ మిడ్జ్‌లీ, టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజను కొట్టుకోవడం ఆగుతుందని కనుగొన్నాడు. 1924లో న్యూజెర్సీ లోని ఒక శుద్ధి కర్మాగారంలో దానిని తయారుచేసే పనివారు మతిభ్రమించి, అయిదుగురు మరణించారు. అయినా ఆ పెట్రోలు అర్ధశతాబ్దం పాటు లోకాన్ని ఏలింది. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల పాలపళ్ళలో సీసాన్ని కొలిచి, అది ఎక్కువగా ఉన్న పిల్లలు తెలివితేటల పరీక్షలలో వెనుకబడినట్లు చూపాడు.

సీసం తగ్గిన ఫలితం రక్తంలోనే కనిపించింది. అమెరికా జాతీయ ఆరోగ్య సర్వేలలో ప్రజల రక్తంలోని సీసం సగటున 1976–80 నడుమ డెసిలీటరుకు 12.8 మైక్రోగ్రాములు కాగా, 1988–91 నాటికి 2.8కి దిగింది. ఇంత స్వల్పకాలంలో ఒక విషం ఒక జాతి మొత్తం నెత్తుటి నుండి ఇంతగా తొలగిపోవడం వైద్య చరిత్రలో అరుదు. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో నిలిచిపోయింది.

కార్బన్ మోనాక్సైడ్ సంగతి కూడా చూడాలి. రంగు, వాసన లేని ఈ వాయువు హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. తలనొప్పి, వికారం, మగతతో మొదలై మృత్యువు వరకు వెళుతుంది. కన్వర్టరు దీనిని చాలావరకు బొగ్గుపులుసు వాయువుగా మార్చివేస్తుంది. వాహనాల పొగ వలన అమెరికాలో ప్రమాదవశాత్తు సంభవించే కార్బన్ మోనాక్సైడ్ మరణాలు 1975లో పది లక్షల మందికి ఏటా 4 ఉండగా, 1996 నాటికి 0.9కి తగ్గాయి.

చల్లని గాలి వెల

విచిత్రమేమంటే, ఎయిర్ కండిషనర్ లోని ఆర్-12 వాయువు కూడా అదే మిడ్జ్‌లీ కూర్చినదే. అంతకు ముందు రిఫ్రిజిరేటర్లలో వాడిన అమోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ కారి మనుషులు చనిపోయేవారు. 1930లో ఆయన కొత్త వాయువును సభలో అందరి ఎదుట పీల్చి, ఆ ఊపిరితోనే కొవ్వొత్తిని ఆర్పాడు. ఇంట్లో అది నిరపాయమే. కాని పైవాతావరణానికి చేరి ఓజోను పొరను తినివేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. ఆ పొర పలుచబడితే అతినీలలోహిత కిరణాల వలన చర్మపు క్యాన్సరు, కంటిశుక్లం పెరుగుతాయి. 1987 మాంట్రియల్ ఒప్పందంతో దీని తయారీకి కళ్ళెం పడింది. పాత కారులో దీని గొట్టాన్ని విప్పి గాలిలోనికి వదలడం 1992 నుండి అమెరికాలో చట్టవిరుద్ధం.

బలం నిజంగా పోయిందా?

1971 నాటి కార్వెట్ మూల ఇంజను బలం 270 హార్స్‌పవర్ అని, 1972లో 200 అని, 1975లో 165 అని ప్రకటించారు. ఈ అంకెలను చూసి నేరమంతా కాలుష్య పరికరాలదేనని చాలామంది అనుకొంటారు. 1971, 1972 నడుమ తేడా ప్రధానంగా కొలిచే పద్ధతి మారినందువలన వచ్చింది. మునుపు ఉపకరణాలేవీ లేని ఇంజనును బల్లపై పెట్టి కొలిచేవారు, తరువాత కారులో ఉన్నట్లుగా కొలిచారు. అదీగాక, తక్కువ ఆక్టేన్ పెట్రోలుకు అనువుగా 1971లోనే ఇంజను సంపీడనాన్ని తగ్గించారు. కన్వర్టరును ఊడదీసినంత మాత్రాన అవేవీ తిరిగి రావు.

పాత బండ్లపై ప్రేమ గలవారికి నా సూచనలు ఇవి. ఎయిర్ కండిషనర్ అక్కరలేకపోతే తొలగించుకోవచ్చు, అయితే లోపలి వాయువును అర్హత గల సాంకేతికుని చేత ముందుగా బయటికి తీయించి భద్రపరచాలి. కన్వర్టరు మూసుకుపోతే తీసివేయక, పొగను అంతగా అడ్డగించని నేటి కన్వర్టరును చట్టం అనుమతించిన రకంలో అమర్చుకోవాలి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు నమూనాల కార్లకు పొగ పరీక్ష లేదు. అంతమాత్రాన పరికరాలను ఊడదీయడానికి అనుమతి దొరికినట్లు కాదు. మన తెలుగు పట్టణాలలో మోటారు సైకిళ్ళ సైలెన్సర్లను చప్పుడు కోసం మార్చే యువకులకు కూడా ఇదే వర్తిస్తుంది, చాలా బండ్లలో కన్వర్టరు ఆ గొట్టంలోనే ఉంటుంది. ఏ బండి ఇంజనునైనా మూసిన గదిలో నడపవద్దు. తలనొప్పి, వికారం కలిగితే వెంటనే ఆరుబయటికి వచ్చి వైద్యుని చూడాలి.