క్యాన్సర్ నిర్ధారణ తర్వాత ధూమపాన విరమణ (మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం)

క్యాన్సర్ ఉందని తేలిన మనిషి చేత బీడీ, సిగరెట్, చుట్ట మాన్పించడం కూడా వైద్యమేనని గుర్తించి ఎన్నో ఏళ్లు కాలేదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రోగులు చాలామంది పెద్ద చికిత్సకు ఊరు దాటాల్సిందే. రాయవేలూరు సీఎంసీ, 1954లో మొదలైన చెన్నై అడయార్ సంస్థ, 1973 నాటి బెంగళూరు కిద్వాయ్, 2022లో తిరుపతిలో తెరిచిన శ్రీవేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి వీళ్లకు దిక్కు. వైద్యం అక్కడ, బీడీ కట్ట మాత్రం సొంత ఊరి అంగడిలో. ఇక్కడి సమస్యంతా ఈ దూరంలోనే ఉంది.

మదనపల్లెకు ఊపిరితిత్తుల వైద్యం కొత్త కాదు. డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. క్షయకూ పొగకూ ఉన్న బంధం ఎంత గట్టిదో చాలా కాలానికి బయటపడింది. తమిళనాడులో 43,000 మంది పురుషుల మరణాలను పరిశీలించి 2003లో వెలువరించిన అధ్యయనం, మన దేశంలో క్షయతో చనిపోయే మగవాళ్లలో దాదాపు సగం మందిని పొగే బలిగొంటోందని తేల్చింది.

నోటి క్యాన్సర్ విషయంలో తెలుగు నేల ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కింది. నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని విశాఖ వైద్యులు 1950లలోనే రాశారు. తర్వాత శ్రీకాకుళంతో పాటు ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడకందార్లకు ఏళ్ల తరబడి ఇళ్ల దగ్గరే మానమని పరిశోధకులు నచ్చజెప్పారు. 1986లో ఫలితాలు వచ్చాయి. మానేసినవాళ్లు పెరిగారు, నోట్లో తెల్లమచ్చలు తగ్గాయి. పల్లెటూరి మనిషి మాట వినడన్న అపోహకు ఇంతకన్నా మంచి జవాబు లేదు.

అయితే వాళ్లంతా క్యాన్సర్ రాని వాళ్లు. వచ్చినవాళ్ల దగ్గర మాత్రం "ఎట్లాగూ వచ్చేసింది కదా, ఇంకెందుకు మానేది?" అన్న మాటే చెల్లుబాటయింది. కొందరు వైద్యులు కూడా జాలితో ఊరుకున్నారు. ఈ జాలి ప్రాణం మీదికి తెస్తుంది. తల, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లపై 1993లో వచ్చిన కెనడా అధ్యయనంలో, చికిత్స సాగుతుండగా పొగ తాగినవాళ్లలో రెండేళ్లు బతికింది 39 శాతం, తాగనివాళ్లలో 66 శాతం. బీడీ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఆక్సిజన్ అందని కణితి మీద రేడియేషన్ సరిగా పనిచేయదు. ఆపరేషన్ గాయాలూ త్వరగా మానవు. నిర్ధారణ తర్వాత పొగ తాగితే మరణాలు పెరుగుతాయని 2014లో అమెరికా సర్జన్ జనరల్ నివేదిక తేల్చి చెప్పింది.

మన దేశంలో 2002లో కేంద్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి పొగాకు విరమణ కేంద్రాలు తెరిచాయి. 2016లో 1800-11-2356 ఉచిత ఫోన్ సేవ వచ్చింది. 2018 నుంచి ఆ నంబరు సిగరెట్ పెట్టెల మీదే అచ్చవుతోంది. ఆ సేవకు చెందిన బెంగళూరు నిమ్‌హాన్స్ కేంద్రంలో తెలుగులోనూ మాట్లాడతారు. చదువు రాని రోగికి ఇంట్లోవాళ్లు ఆ నంబరు కలిపిస్తే చాలు.

గొంతుకు రేడియేషన్ తీసుకునే, అంటే "కరెంటు పెట్టించుకునే" వాళ్లకు వారానికి ఐదు రోజుల చొప్పున ఆరేడు వారాలు పడుతుంది. రెండు మూడు వారాలు గడిచేసరికి నోరు పుండవుతుంది, నికోటిన్ గమ్ నమలలేరు. అప్పుడు చర్మానికి అంటించే ప్యాచ్ నయం. మానేసిన మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, నిద్రలేమి ఎక్కువ. ఆ రోజులు ఆసుపత్రిలోనే గడిస్తే నర్సు అండ ఉంటుంది. కుప్పం రైలెక్కి ఇంటికొచ్చాక అన్నదమ్ములు అరుగు మీద బీడీ వెలిగిస్తే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇంటి మగవాళ్లందరితో కలిపి మాట్లాడటం అవసరం. ఊళ్లో ఈ పని చేయగలిగింది ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం. ముప్పై దాటినవారి పరీక్షల కోసం ఇల్లిల్లూ తిరిగి నింపే ఫారంలో పొగాకు ప్రశ్న ఇప్పటికే ఉంది. క్యాన్సర్ ఆసుపత్రి డిశ్చార్జి కాగితంలో పొగ సంగతి కూడా రాసి, దాన్ని ఆ కార్యకర్త చేతికి చేరిస్తే రాయవేలూరులో మొదలైన వైద్యం పుంగనూరు పల్లెలోనూ ఆగకుండా సాగుతుంది.