పేరు తెలిసినవారికే తొలి ఓటు

అమెరికాలో అధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని తేల్చేవి ప్రైమరీ ఎన్నికలు. అవి మొదలు కావడానికి ఏడాది ముందే సర్వేలవాళ్లు ఇంటింటికీ ఫోన్లు చేసి "మీకెవరు కావాలి?" అని అడుగుతారు. ఆ జవాబులను ఎంతవరకు నమ్మవచ్చు?

1972కు ముందు ఈ ప్రశ్నకు పెద్దగా అర్థం లేదు. 1952లో కీఫావర్ చాలా ప్రైమరీలు గెలిచినా డెమొక్రాట్ల మహాసభ స్టీవెన్సన్‌ను ఎంచుకుంది. 1968లో హంఫ్రీ ప్రైమరీల బరిలో దిగకుండానే అభ్యర్థి అయ్యారు. ఆ ఏటి గొడవల తర్వాతే నియమాలు మారి మామూలు ఓటుకు విలువ వచ్చింది. వెంటనే సర్వేలకు దెబ్బ తగిలింది. 1972లో మొదట ముందున్నది మస్కీ, నెగ్గింది మెక్‌గవర్న్. 1975లో కార్టర్ పేరు సర్వేల్లో అట్టడుగున ఉండేది. మరుసటి ఏడు నవంబరులో ఆయనే అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 2007లో చాలా నెలలు రిపబ్లికన్లలో జూలియానీ, డెమొక్రాట్లలో హిల్లరీ క్లింటన్ ముందున్నారు. చివరికి నిలిచినవారు మెక్‌కెయిన్, ఒబామా.

బ్యాంకులో పనిచేసేవాడికి ఇది వింతగా తోచదు. డిసెంబరులో "మార్చిలో డిపాజిట్ వేస్తాం సార్" అన్నవాళ్ల మాటలు కూడితే మా టార్గెట్ ఎప్పుడో దాటిపోయేది. మార్చి 31 సాయంత్రం లెక్క వేరు. అబద్ధమాడారని కాదు, అప్పటికి వాళ్లింకా ఆలోచించలేదు, అంతే. ఏడాది ముందు ఫోనులో అడిగితే ఓటరు చెప్పేదీ తనకు తెలిసిన పేరే.

అయితే తెలిసిన పేరు గట్టిదైతే సర్వే నిలబడుతుంది. 1980లో రీగన్, 1996లో డోల్, 2000లో చిన్న బుష్ మొదటినుంచీ ముందుండి గెలిచినవారే. 2015 జూలై నుంచి ట్రంప్ దాదాపు ఎప్పుడూ ముందే ఉన్నారు. ఈసారి పండితులే సర్వేను నమ్మక చెడ్డారు. 2019లో ఎక్కువకాలం ముందున్న బైడెన్ అయోవాలో నాలుగో స్థానానికి, న్యూహాంప్‌షైర్‌లో అయిదో స్థానానికి జారి, 2020 ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో లేచారు.

నాకు బాధ కలిగించేది మరొకటి. ఇలాంటి సర్వేనే గడపగా పెట్టడం. 2019 జూన్‌లో డెమొక్రాట్ల చర్చావేదిక ఎక్కాలంటే మూడు సర్వేల్లో ఒక శాతమో, 65 వేలమంది దాతలో ఉండాలన్నారు. 1975లో అలాంటి గడప ఉంటే కార్టర్ దాటేవారా అని నా అనుమానం. సెప్టెంబరుకు అది నాలుగు సర్వేల్లో రెండు శాతానికి, లక్షా ముప్పై వేలమంది దాతలకు పెరిగింది, రెండూ ఉండాల్సిందే. జూన్‌లో ఇరవైమంది ఎక్కిన వేదికను ఈసారి ఎక్కింది పదిమందే.