పెన్సిల్వేనియా 6-5000

అమెరికాలో ‘ఎక్స్ఛేంజ్ పేరు’ అంటే ఒకప్పుడు ఫోను నంబరుకు ముందు పలికిన మాట. న్యూయార్క్‌లో ఒకప్పుడు ఉన్న హోటల్ పెన్సిల్వేనియా నంబరు ‘పెన్సిల్వేనియా 6-5000’. పేరులోని తొలి రెండు ఇంగ్లిషు అక్షరాలు పీ, ఈ. డయలు మీద అవి 7, 3 దగ్గర ఉంటాయి. తిప్పవలసింది 736-5000. గ్లెన్ మిల్లర్ సంగీత బృందం 1940లో ఈ నంబరునే పాట చేసింది. పేరు వింటే పేట తెలిసేది, కొంత హోదా కూడా: జాన్ ఓహారా 1935 నవల ‘బటర్‌ఫీల్డ్ 8’ శీర్షిక మన్‌హటన్ సంపన్నుల పేట ఎక్స్ఛేంజీదే. పలకదగిన పేరు కుదరని అక్షరాల జతలు వృథా అయ్యేవి. అలా నంబర్లు చాలక 1958 నుంచి అన్నీ అంకెలే చేయసాగారు. దానిపై 1962లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏకంగా ఒక వ్యతిరేక సంఘమే వెలిసింది. చిన్ననాటి నంబరును పేరుతోనే ఒప్పజెప్పే పెద్దవాళ్లు అమెరికాలో ఇప్పటికీ ఉన్నారు.