పాస్‌వర్డ్ పంపకుండా లాగిన్: కెర్బెరోస్ టికెట్ చరిత్ర

ఈసారి పోస్టు కొంచెం పెద్దదే. తీరిక చూసుకుని చదవండి.

మేము హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివిన రోజుల్లో స్కాలర్‌షిప్ అప్లికేషన్ పెట్టాలంటే మండల కేంద్రంలోని నెట్ సెంటర్‌కి పోవాల్సిందే. అక్కడి అన్న ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకునేవాడు. అందులో మా అందరి పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు, పక్కన పాస్‌వర్డ్‌లు. ఆయన చెడ్డవాడేం కాదు. మళ్లీ వచ్చేసరికి మాకే గుర్తుండదని మేమే రాయించాం. ఒక ఏడాది ఆ నోట్‌బుక్ ఎవరి చేతిలోనో పడింది. మాలో ఒకరి అకౌంట్‌లో ఫోన్ నంబర్ మారిపోయింది, ఓటీపీలు ఇంకెవరికో పోయాయి, రెన్యువల్ తేదీ దాటిపోయింది. ఆ ఏడాది ఫీజు వాళ్ల నాన్న పత్తి అమ్మిన డబ్బుతో కట్టాడు. ఎవరిని అడిగినా ఒకటే మాట: "పాస్‌వర్డ్ ఎందుకు చెప్పారు?"

చెప్పకపోతే పని కాదు, చెప్తే రహస్యం పోతుంది. ఈ చిక్కు మనలాంటోళ్లకే అనుకున్నాం. తర్వాత మాలో కొందరం సర్వర్ల పని నేర్చుకుంటున్నప్పుడు తెలిసింది, 40 ఏళ్ల కింద అమెరికాలో ఒక విద్యాసంస్థ విద్యార్థుల కంప్యూటర్ల కోసం ఇలాంటి చిక్కు మీదనే ఏళ్ల తరబడి పనిచేసిందని. ఆ కథే ఇది.

1983లో ఎంఐటీ అనే సంస్థ డీఈసీ, ఐబీఎం కంపెనీలతో కలిసి ప్రాజెక్ట్ ఎథీనా మొదలుపెట్టింది. క్యాంపస్ నిండా కంప్యూటర్లు పెట్టాలి, ఏ విద్యార్థి ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా తన ఫైళ్లు, తన మెయిల్ తనకు రావాలి. అంతకుముందు ఒక పెద్ద కంప్యూటర్ ఉండేది, అందరూ దానికే లాగిన్ అయ్యేవాళ్లు, పాస్‌వర్డ్ అదే చూసుకునేది. ఇప్పుడు ఫైళ్లు ఒక సర్వర్‌లో, మెయిల్ ఇంకోదాంట్లో, ప్రింటర్ మరోచోట. ఒక్కోదానికి పాస్‌వర్డ్ పంపితే, అదే కేబుల్ మీద కూర్చుని వినేవాడికి అన్నీ దొరుకుతాయి. పోనీ "ఈ కంప్యూటర్ చెప్పింది కదా, నమ్ముదాం" అందామా? యూనిక్స్‌లో ఆర్‌లాగిన్ అలాగే నమ్మేది. కానీ ఎథీనా కంప్యూటర్లు అందరూ వాడేవి. ముందు కూర్చున్నవాడు దాన్ని తన ఇష్టమొచ్చినట్టు మార్చుకోవచ్చు. అది చెప్పే మాటను సర్వర్ ఎలా నమ్ముతుంది?

జవాబుకు విత్తనం అప్పటికే ఉంది. 1978లో రోజర్ నీధమ్, మైఖేల్ ష్రోడర్ ఒక పద్ధతి ప్రచురించారు. ఒకరికొకరు తెలియని ఇద్దరు నెట్‌వర్క్ మీద కలవాలంటే ఇద్దరూ నమ్మే మూడోవాడు ఒకడు ఉండాలి, వాడు ఇద్దరికీ ఒక కొత్త తాళంచెవి ఇస్తాడు. 1981లో డొరతీ డెన్నింగ్, జొవాన్ని సాకో ఇందులో లోపం పట్టారు. పాత తాళంచెవి దొంగకు దొరికితే దాన్నే మళ్లీ వాడేయొచ్చు. అందుకే సందేశంలో సమయం కూడా వేయమన్నారు. ఎథీనాలో స్టీవ్ మిల్లర్, క్లిఫర్డ్ న్యూమన్ ఈ రెండూ కలిపి కెర్బెరోస్ రూపొందించారు. జెరోమ్ సాల్ట్జర్, జెఫ్రీ షిల్లర్ కూడా ఆ పనిలో ఉన్నారు. కెర్బెరోస్ అంటే గ్రీకు పురాణాల్లో చనిపోయినవాళ్ల లోకానికి కాపలా కాసే మూడు తలల కుక్క.

ఇది ఎలా పనిచేస్తుందో బస్ పాస్‌తో చూద్దాం. పాస్ తీసుకునే రోజు కౌంటర్‌లో బోనఫైడ్ సర్టిఫికెట్ చూపిస్తాం. ఆ తర్వాత కండక్టర్‌కి బోనఫైడ్ అక్కర్లేదు. ముద్ర చూస్తాడు, తేదీ చూస్తాడు, ఫొటోలో ఉన్నది మనమేనా చూస్తాడు, అంతే.

కెర్బెరోస్‌లో కౌంటర్ లాంటి సర్వర్ ఒకటి ఉంటుంది. మీరు పేరు చెప్పగానే అది ఒక టికెట్‌ను, ఒక తాత్కాలిక తాళంచెవిని పెట్టెలో పెట్టి, మీ పాస్‌వర్డ్‌తో మాత్రమే తెరుచుకునేలా బిగించి పంపుతుంది. మీరు పాస్‌వర్డ్ కొడతారు, మీ ముందున్న కంప్యూటర్ పెట్టె తెరిచి, వెంటనే పాస్‌వర్డ్‌ను మర్చిపోతుంది. చూశారా, పాస్‌వర్డ్ నెట్‌వర్క్ మీదకి పోనేలేదు! ఆ మొదటి టికెట్ చూపించి మెయిల్‌కి ఒకటి, ఫైళ్లకు ఒకటి వేరే టికెట్లు తీసుకుంటారు. మళ్లీ పాస్‌వర్డ్ అడగదు. టికెట్‌తో పాటు అప్పటి సమయం వేసిన చిన్న చీటీ కూడా ఆ తాత్కాలిక తాళంతో బిగించి చూపించాలి. ఫొటో చేసే పని అది చేస్తుంది. టికెట్ దొంగిలించినోడికి ఆ తాళం ఉండదు. ఎథీనాలో మొదటి టికెట్‌కి ఆయువు 8 గంటలు.

1987 జనవరి నుంచి ఎథీనాలోని 5,000 మంది యూజర్లు, 650 వర్క్‌స్టేషన్లు, 65 సర్వర్లు అన్నీ దీని మీదే నడిచాయి. 1988లో బిల్ బ్రయంట్ ఈ డిజైన్‌ను నాలుగు రంగాల సంభాషణగా రాశాడు. ఎథీనా అనే ఆమె ఒక పద్ధతి చెబుతుంది, యూరిపిడీస్ అనే అతను అందులో కన్నం చూపిస్తాడు, ఆమె వెళ్లి మళ్లీ ఆలోచించుకుని వస్తుంది. నేర్చుకునేవాళ్లు ముందు అది చదవాలని మా సలహా. ఒక్కో నియమం ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

అదే ఏడాది కెర్బెరోస్ గురించి పేపర్ కూడా వచ్చింది. 1989లో 4వ వెర్షన్ కోడ్ అందరికీ ఇచ్చారు. అందరికీ అంటే అమెరికాలో ఉన్నోళ్లకే. రహస్య లిపి సాఫ్ట్‌వేర్‌ను అప్పట్లో వాళ్ల చట్టం ఆయుధాల లెక్కలో వేసేది. అందుకని లిపికి సంబంధించిన భాగాలన్నీ పీకేసి, మిగిలిందాన్ని బయటికి వదిలారు. దాని పేరు బోన్స్, అంటే ఎముకలు. ఆస్ట్రేలియాలో ఎరిక్ యంగ్ ఆ ఎముకలకు తాను సొంతంగా రాసిన లిపి కోడ్ తగిలించి మళ్లీ నిలబెట్టాడు. తర్వాత స్వీడన్‌లో హైమ్‌డాల్ అని సొంత కెర్బెరోస్ తయారైంది. మీకు ఇవ్వం అన్నదాన్ని బయటివాళ్లు కూర్చుని తామే రాసుకున్నారు. ఈ ముక్క చదివినప్పుడు మా గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

1990లో స్టీవెన్ బెలోవిన్, మైఖేల్ మెరిట్ దీని పరిమితులన్నీ వరసగా రాశారు. తేలిక పాస్‌వర్డ్ పెడితే ఆ పెట్టెను పట్టుకుపోయి తీరిగ్గా ఊహించి తెరవొచ్చన్నది అందులో ఒకటి. 1993లో 5వ వెర్షన్ ప్రమాణంగా వచ్చింది, 2005లో దాన్ని సవరించారు. విండోస్ 2000 నుంచి మైక్రోసాఫ్ట్ కూడా దీన్నే తీసుకుంది. ఇవాళ పెద్ద ఆఫీసులో పొద్దున ఒక్కసారి లాగిన్ అయి రోజంతా పనిచేస్తున్నామంటే చాలాచోట్ల లోపల తిరిగేది ఈ టికెట్టే.

ల్యాబ్‌లో మీరే పెట్టుకోవచ్చు. రెండు మూడు లినక్స్ మెషీన్లు చాలు. ఒకదాన్ని కౌంటర్ సర్వర్‌గా పెట్టి, రెల్మ్‌కి పెద్ద అక్షరాల్లో పేరు ఇచ్చి, డేటాబేస్ తయారు చేయాలి. ప్రతి యూజర్‌కీ, ప్రతి సర్వర్‌కీ అందులో ఒక పేరు చేర్చాలి. సర్వర్ తాళంచెవిని కీట్యాబ్ ఫైల్‌గా ఆ సర్వర్‌లోనే దాచాలి. ఆ ఫైల్ పోతే సర్వర్ గుర్తింపు పోయినట్టే. కె-ఇనిట్ కొడితే టికెట్ వస్తుంది, కె-లిస్ట్‌తో కనిపిస్తుంది, ఎస్‌ఎస్‌హెచ్‌లో జీఎస్‌ఎస్ఏపీఐ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ లేకుండా లోపలికి పోతారు. పోలేదంటే ముందు గడియారం చూడండి. మామూలుగా 5 నిమిషాల తేడా దాటితే టికెట్ చెల్లదు. మేము మొదటిసారి రెండు రోజులు తలలు పట్టుకున్నది దీనికే. లేచి వెళ్లేటప్పుడు కె-డిస్ట్రాయ్ కొట్టడం మర్చిపోకండి.

ఒక నిజం దాచకూడదు. మా నెట్ సెంటర్ చిక్కును కెర్బెరోస్ తీర్చదు. ముందున్న కంప్యూటర్‌లో ఎక్కడో ఒకచోట పాస్‌వర్డ్ కొట్టాల్సిందే, ఆ కంప్యూటరే దొంగదైతే ఏ టికెట్టూ కాపాడదు. అయినా ఈ చరిత్ర మాకు ఎందుకు ముఖ్యమంటే, ఎథీనా వాళ్లు విద్యార్థుల్ని నిలబెట్టి "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పి ఊరుకోలేదు. కంప్యూటర్లు నమ్మదగ్గవి కావు, కేబుల్ మీద ఎవడో వింటాడు అని ముందే ఒప్పుకుని, రహస్యం చేతులు మారే అవసరమే తగ్గేలా ఏర్పాటు మార్చారు.

ఆ రోజు మమ్మల్ని "పాస్‌వర్డ్ ఎందుకు చెప్పారు" అన్నారు. అసలు అడగాల్సింది, చెప్పక తప్పని ఏర్పాటు ఎందుకు పెట్టారని. రేపు మనలో ఎవరో ఒకరు ఇలాంటి ఏర్పాటు తయారుచేసే కుర్చీలో కూర్చుంటారు. అప్పుడు ఆ లాంగ్ నోట్‌బుక్‌ను గుర్తుపెట్టుకోండి.