కంచె దాటిన బంతి

ఆటల చరిత్రము పెద్దలు విచారింపదగినది కాదని కొందరి యభిప్రాయము. కాని మనుష్యులు తమకు దామే నియమములు కల్పించుకొని, అవి న్యాయములో కావో యెట్లు తేల్చుకొందురో తెలిసికొనగోరువారికి ఆటకంటె చక్కని యుదాహరణము దొరకదు. అందుచే నేడు అమెరికా దేశమునందలి సాఫ్ట్‌బాల్ అను నాటను గూర్చియు, అందు హోమ్ రన్ అను దెబ్బకు పెట్టిన పరిమితిని గూర్చియు, ఆ పరిమితిపై నచ్చట జరుగు వాదమును గూర్చియు మనవి చేసెదను.

మొదట ఆట తీరు తెలిసికొందము. మన గ్రామములలో క్రికెట్టు నెరుగని బాలుడు లేడు. అందు బంతి నేల దాకక హద్దు దాటినచో ఆరు పరుగులు. సాఫ్ట్‌బాల్‌నందు మైదానమున చదరముగా నాలుగు స్థానము లుండును. బంతిని కొట్టినవాడు మూడు స్థానములను దాటి మరల మొదటిదానిని చేరినచో నొక పరుగు. బంతి దూరపు కంచెపై నుండి యెగిరి యావల పడినచో దానిని పట్టువా డుండడు. కొట్టినవాడును, అంతకుముందే స్థానములలో నిలిచియున్న తోడివారును నిరాటంకముగా నింటికి వచ్చెదరు. ఇదియే హోమ్ రన్.

ఈ యాట పుట్టుక వినోదకరము. 1887వ సంవత్సరము నవంబరు నెలలో, కృతజ్ఞతా దినమను పండుగనాడు, చికాగో నగరమునందలి ఫారగట్ పడవల సంఘ భవనమున కొందరు యువకులు హార్వర్డు, యేల్ విద్యాలయముల ఫుట్‌బాల్ పందెపు ఫలితమునకై వేచియుండిరి. యేల్ గెలిచినదన్న వార్త రాగా, ఆ పక్షమువాడొకడు సంతోషము పట్టలేక ముష్టియుద్ధపు చేతొడుగు నొకదానిని ఎదుటిపక్షమువానిపై విసరెననియు, అతడు కర్రతో దానిని తిప్పికొట్టెననియు చెప్పుదురు. అది చూచిన జార్జి హాన్‌కాక్ అను పత్రికా విలేఖరి ఆ చేతొడుగునే బంతిగా కట్టి, నేలపై గీతలు గీసి, యింటిలోపలనే యాట యారంభింపజేసెను. 1895లో మినియాపోలిస్ నగరమున లూయిస్ రోబర్ అను అగ్నిమాపక దళాధికారి తన మనుష్యుల దేహారోగ్యమునకై యిట్టి యాటనే నేర్పెను. సాఫ్ట్‌బాల్ అను పేరు 1926లో వచ్చినది. 1933లో చికాగో ప్రదర్శన సందర్భమున దేశవ్యాప్తమైన పోటీ జరిగినది. ఆ యేటనే దీనికొక జాతీయ సంఘమును ఏర్పడినది.

కాబట్టి యీ యాట చోటు తక్కువైన తావున నందరును పాల్గొనుటకై పుట్టినదని గ్రహింపవలెను. నెమ్మదిగా బంతి విసరు పద్ధతిలో, బంతిని చేయి క్రిందుగా నూపి, విల్లువలె వంపుగా వచ్చునట్లు వదలుదురు. ముసలివాడైనను కొట్టవచ్చును. అందుచేతనే మైదానమున పదిమందిని నిలుపుదురు. పగలు పనిచేసి సాయంకాలము వచ్చు కార్మికులును, గుమాస్తాలును, ప్రార్థనామందిరముల వారును దీని నాడుదురు.

కాలక్రమమున కొట్టు కర్ర మారెను. కొయ్యకు బదులు అల్యూమినియమును, పిదప టైటానియమును, అటుపిమ్మట నారలను జిగురుతో బిగించి చేసిన కర్రలును వచ్చినవి. బంతి కర్రనుండి గంటకు 98 మైళ్ళకు మించిన వేగముతో పోరాదని ఆ జాతీయ సంఘము 2004లో కట్టుబాటు చేయవలసివచ్చెను. అయినను బలవంతులకు కంచె దాటించుట సులభమే. అందుచే జట్లను తరగతులుగా విభజించి, ఒక్కొక యాటలో నిన్ని హోమ్ రన్‌లకు మించరాదని విధించిరి. పై తరగతివారికి హెచ్చు, క్రింది తరగతివారికి తక్కువ. కొన్నిచోట్ల నొక్కటియు కూడదు. సాధారణముగా మితి మించి కంచె దాటించినవాడు ఔటగును, పరుగు లుండవు. మరికొన్నిచోట్ల ఎదుటిజట్టు కొట్టినదానికంటె నొక్కటి మాత్రమే యెక్కువ కొట్టవచ్చును.

ఇట్టి కట్టుబాటు వింతదని తలపరాదు. సాఫ్ట్‌బాల్‌కు తల్లియైన బేస్‌బాల్‌నందు దీనికి పూర్వకథ కలదు. చికాగోలో లేక్‌ఫ్రంట్ మైదానమున కంచె మిక్కిలి దగ్గర. కుడివైపున 196 అడుగులు మాత్రమే. 1883లో దానిని దాటిన బంతికి రెండు స్థానములే యిచ్చిరి. 1884లో ఆ కట్టుబాటు తీసివేసి హోమ్ రన్‌గా లెక్కించిరి. అంతట నెడ్ విలియంసన్ అను నాటగాడు ఆ యేట 27 కొట్టెను. అందు 25 ఆ మైదానముననే. ఆ సంఖ్యను 1919లో బేబ్ రూత్ దాటువరకు ఎవ్వరును దాటలేదు. 1885లో ఆ జట్టు వేరొక మైదానమునకు పోగా, విలియంసన్ కొట్టినవి మూడే. ఒక్కయేటిలో నాతని బాహుబలము తరిగినదా? లేదు, గోడ దూరమైనది. మఱియు నన్ని హోమ్ రన్‌లు కొట్టినను 1884లో నగ్రస్థానము చికాగోకు రాలేదు, ప్రావిడెన్సు జట్టునకు వచ్చినది. తరువాత 1892లో 235 అడుగులకు, 1926లో 250 అడుగులకు లోబడిన కంచెను దాటిన బంతికి రెండు స్థానములే యని శాసించిరి.

ఇక వాదమునకు వత్తము. మా గురువులు పూర్వపక్షమును బలముగా చెప్పనివానికి సిద్ధాంతము చెప్పు నధికారము లేదనెడివారు. పరిమితి కూడదనువారి మాట లివి. అభ్యాసముచే సంపాదించిన బలము దోష మెట్లగును? మూడవ పర్యాయము మెచ్చుకొన్న దెబ్బయే నాలుగవ పర్యాయము నేరమగుట యేమి న్యాయము? వారి మూడవ మాట మరింత గట్టిది. కంచెకు భయపడినవాడు బంతిని తక్కువ యెత్తున, పూర్తి బలముతో కొట్టును. ఎదుట ఏబది యడుగుల దూరమున బంతి విసరినవాడు నిలిచియుండును. ఆ బంతి వాని ముఖమునకు తగిలినచో నెవరు బాధ్యులు?

దీనికి సమాధానము. బంతి కంచె దాటినప్పుడు మైదానమునందలి పదిమందియు ఆకాశము చూచుచు నిలుచుటకంటె చేయగలదేమియు లేదు. పరుగెత్తుట, పట్టుట, విసరుట యను మూడును లోపించినచో నది యాట కాదు, ఒక్కని బలప్రదర్శనము. ఉప్పు వలన కూరకు రుచి. మితిమీరిన యదే యుప్పు దానిని చెరచును. ఉప్పు మారలేదు, పాలు మారినది. అంతకన్న ముఖ్యమైన మాట: ప్రతివారమును చిత్తుగా నోడిన జట్టు మరుసటియేడు రాదు. ఎదురాడువారు లేనినాడు బలవంతుడు తన బలమును ఎవరిపై చూపును?

మూడవ యాక్షేపమును మాత్రము తోసివేయుటకు వీలులేదు. దానికి మందు పరిమితిని తీసివేయుట కాదు. విసరువానికి ముఖకవచము నిచ్చుట, తీవ్రమైన కర్రలను నిషేధించుట. నామట్టుకు నాకు ఎదుటివారికంటె నొక్కటి యెక్కువ యను పద్ధతియే మేలని తోచుచున్నది. అది యిరుపక్షములను సమముగా కట్టును. ఒకరు కొట్టినచో రెండవవారికిని దారి తెరచును. ఏ పద్ధతియైనను ఆట మొదలుకాకముందే, ఆడువారందరి సమ్మతితో నేర్పడవలెను. ఓడినవాడు నడుమ పెట్టిన నియమము అసూయ యగును. గెలిచినవాడు నడుమ తీసివేసిన నియమము దౌర్జన్య మగును.

పెద్దలారా, మీ యూరి పిల్లలు ఏ యాటనైన నాడుచు, గట్టిగా కొట్టువానికి హద్దు పెట్టవలెనా వలదా యని తగవుపడి మీ యొద్దకు వచ్చినచో, ఎవడు బలవంతుడని విచారింపకుడు. ఆ మాట ఎప్పుడు, ఎవరెవరి సమ్మతిమీద ననుకొనిరో ముందుగా నడుగుడు. తీర్పు అక్కడనే దొరకును.