కారులో పాట: ఆరు వోల్టుల నుంచి నాలుగు వందల వాట్ల దాకా

కారు స్టీరియో కొనడానికి దుకాణానికి వెళితే, పెట్టె మీద "50 వాట్లు, నాలుగు చానళ్లు" అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ఈ 50 ఎక్కడి నుంచి వచ్చింది? నిజంగా అంత శక్తి స్పీకర్లకు అందుతుందా? జవాబు కోసం కారులో సంగీతం నడిచివచ్చిన దారిని ఒకసారి చూడాలి. తక్కువ వోల్టేజి ఇచ్చే బ్యాటరీ నుంచి ఎక్కువ ధ్వనిని రాబట్టడానికి ఇంజనీర్లు పడిన పాట్లే ఆ చరిత్ర.

ఈనాటి స్పీకరుకు రూపం ఇచ్చినవారు అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్. వారు తమ పరిశోధనను 1925లో ప్రకటించారు. అయస్కాంతం మధ్యలో తీగచుట్ట, దానికి అతికించిన కాగితపు శంకువు ఉంటాయి. చుట్టలో విద్యుత్తు మారినకొద్దీ శంకువు ముందుకూ వెనక్కూ కదిలి గాలిని కంపింపజేస్తుంది. ఇప్పుడు కారు తలుపుల్లో బిగించే స్పీకర్లలో చాలావరకు ఇదే సూత్రం మీద పనిచేస్తున్నాయి.

1930లో షికాగోలోని గాల్విన్ సంస్థ "మోటరోలా" పేరుతో కారు రేడియోను విడుదల చేసింది. ఆ రోజుల రేడియోల్లో ఉండే వాక్యూమ్ ట్యూబులకు వంద వోల్టులకు పైగా కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది 6 వోల్టులే. మొదట్లో ఇందుకోసం వేరే బ్యాటరీలను కారులో మోసుకు తిరిగేవారు. తరువాత "వైబ్రేటర్" వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ మారుతూ ఉండే విద్యుత్తుతోనే పనిచేస్తుంది కదా! అందుకని వైబ్రేటర్ బ్యాటరీ విద్యుత్తును సెకనుకు అనేకసార్లు తెంపి కలిపేది. ట్రాన్స్‌ఫార్మర్ దాని వోల్టేజిని పెంచేది.

1947లో బెల్ లేబొరేటరీస్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1955లో ఫిల్కో, క్రైస్లర్ సంస్థలు పూర్తిగా ట్రాన్సిస్టర్లతో నడిచే కారు రేడియోను ప్రకటించాయి. దాదాపు అదే కాలంలో అమెరికా కార్లు 6 వోల్టుల నుంచి 12 వోల్టులకు మారాయి. ట్రాన్సిస్టర్ నేరుగా 12 వోల్టులతో పనిచేస్తుంది కాబట్టి వైబ్రేటర్ అవసరం తీరిపోయింది.

అయితే ఇక్కడే కొత్త హద్దు ఎదురైంది. ఇంజను నడుస్తున్నప్పుడు కారులో వోల్టేజి సుమారు 14.4 ఉంటుంది. కారు స్పీకరు నిరోధం సాధారణంగా 4 ఓములు. వోల్టేజి వర్గాన్ని నిరోధంతో భాగిస్తే శక్తి వస్తుంది. 14.4ను 14.4తో గుణించి 4తో భాగించండి. దాదాపు 52 వాట్లు వచ్చాయి కదా! పెట్టె మీది 50 ఇదే. కాని వోల్టేజి అంతా ఎడతెగకుండా స్పీకరు మీదే నిలిచి ఉంటేనే ఆ అంకె నిజమవుతుంది. అప్పుడు వినిపించేది పాట కాదు, గరగర. శుద్ధమైన స్వరానికి దక్కేది అందులో సగం, అంటే 26 వాట్లు. ట్రాన్సిస్టర్లలో పోయే నష్టాన్ని తీసివేస్తే మిగిలేది సుమారు 20 వాట్లు. అందుకే కొనేటప్పుడు "గరిష్ఠ శక్తి"ని కాక "ఆర్‌ఎంఎస్" అని రాసిన అంకెను చూడాలి.

ఇంతకంటే ఎక్కువ కావాలంటే వోల్టేజిని పెంచాలి. విడిగా బిగించే పవర్ యాంప్లిఫయర్లు చేసేది అదే. వాటిలోని ట్రాన్సిస్టర్లు బ్యాటరీ విద్యుత్తును సెకనుకు వేలసార్లు తెంపి కలుపుతాయి, ట్రాన్స్‌ఫార్మర్ పెంచుతుంది. అంటే 1930ల నాటి వైబ్రేటర్ కొత్త వేషంలో తిరిగి వచ్చిందన్నమాట!

దీనికి మూల్యం ఉంది. సగం శక్తిని వేడిగా పోగొట్టుకునే యాంప్లిఫయర్ 400 వాట్ల ధ్వనిశక్తిని ఇవ్వాలంటే బ్యాటరీ వైపు నుంచి 800 వాట్లు, అంటే దాదాపు 55 ఆంపియర్లు లాగుతుంది. సన్నని తీగ అంత విద్యుత్తుకు కాలిపోతుంది. లావు తీగ వేసినా, బ్యాటరీకి దగ్గరలోనే ఫ్యూజు లేకపోతే, ఒరిపిడికి పైతొడుగు చిరిగి తీగ కారు ఇనుముకు తగిలిన క్షణంలో నిప్పు పుట్టవచ్చు. ఫ్యూజును మిగుల్చుకుందామనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. "క్లాస్ డి" యాంప్లిఫయర్లు వేడిని బాగా తగ్గించాయి గాని, ఫ్యూజు అవసరాన్ని తీసివేయలేదు.

మరొక సంగతి మన చెవిది. శక్తిని 50 నుంచి 100 వాట్లకు పెంచితే ధ్వని 3 డెసిబెళ్లే పెరుగుతుంది. ఆ తేడా కొద్దిగానే తెలుస్తుంది. రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే శక్తి దాదాపు పది రెట్లు కావాలి. ఒక వాటు ఇచ్చి, ఒక మీటరు దూరంలో కొలిచే ధ్వనిని స్పీకరు "సెన్సిటివిటీ" అంటారు. 87 డెసిబెళ్ల స్పీకరు బదులు 90 డెసిబెళ్ల స్పీకరు తీసుకుంటే, యాంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంత ఫలితం అదనపు తీగ ఒక్కటీ లేకుండానే దక్కుతుంది. కాబట్టి ముందు మంచి స్పీకరు, ఆ తరువాతే యాంప్లిఫయర్.

చివరగా, ఎంత ధ్వని చాలు? వారానికి 40 గంటల పాటు 80 డెసిబెళ్ల దాకా వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 90 డెసిబెళ్ల దగ్గర ఆ గడువు 4 గంటలకు పడిపోతుంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితిని నిర్ణయించాయి. ఇంజనీర్లు బ్యాటరీ హద్దును దాటగలిగారు. చెవిలోపలి సున్నితమైన కణాల హద్దును మాత్రం ఏ యాంప్లిఫయరూ మార్చలేదు. ఒకసారి నశిస్తే అవి మళ్లీ పెరగవు.