దిగువ కృష్ణా డెల్టాలో నీరు తోడే శక్తి: దొరువు, కానుగ, సౌర పంపు – ఒక చారిత్రక పరిశీలన

సారాంశం

దిగువ కృష్ణా డెల్టాలో పొలానికి నీరెత్తే శక్తి మనిషి భుజాల నుంచి ఆయిల్ ఇంజన్లకు, అక్కడి నుంచి విద్యుత్తుకు, సౌర ఫలకాలకు మారుతూ వచ్చింది. ఈ మార్పును మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నీటి చరిత్రతో కలిపి చూడటం ఈ వ్యాస లక్ష్యం. ఇక్కడ అసలు కొరత శక్తిది కాదు, మంచినీటిది. కాబట్టి కానుగ నూనె గానీ, సౌర పంపు గానీ గ్రామీణ జీవనోపాధికి ఆధారం కావాలంటే, నీటి వాడకానికి హద్దు నిర్ణయించే సామూహిక వ్యవస్థ ముందుగా ఉండాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కృష్ణా డెల్టా, శివారు భూములు, దొరువు, కానుగ, సౌర సేద్యం, నీటి వినియోగదారుల సంఘాలు.

1. ఆనకట్ట – శివారు

1832–33 నాటి నందన కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. ఆ అనుభవం కృష్ణపై ఆనకట్ట ఆలోచనకు బలమిచ్చింది. ఆర్థర్ కాటన్ సమర్థించిన ఈ నిర్మాణం కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలై 1855లో పూర్తయింది. 1952లో ఆనకట్టకు గండి పడిన తరువాత నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957 నుంచి అదే పని చేస్తోంది. ఈ వ్యవస్థకు మూలం పల్లం. నీరు తనంతట తానే పారుతుంది కనుక మోట, ఏతాల అవసరం డెల్టాలో చాలావరకు తగ్గింది. మెరక చెక్కలకు మాత్రం ఇద్దరు మనుషులు తాళ్లు పట్టి గూడ వేసేవారు.

అయితే పల్లానికి పారే నీరు అందరికీ ఒకేలా అందదు. కాలువ తలలో ఉన్న పొలం ముందుగా తడుస్తుంది, శివారు చివరకు తడుస్తుంది. గుడివాడ ప్రాంతం డెల్టా నడుమ ఉంది. బందరు కాలువ చివరి భూములు, కృష్ణ రెండు పాయల మధ్యనున్న దివిసీమ శివారులో ఉన్నాయి. ఎగువన జలాశయాలు పెరిగి, డెల్టాకు వచ్చే ప్రవాహం తగ్గేకొద్దీ ఆ భారం ముందుగా శివారు రైతుపైనే పడింది. మురుగు కాలువల్లో ఆయిల్ ఇంజన్లు పెట్టి నీరు తోడుకోవడం ఆ కొరతకు అతడు కనుగొన్న సమాధానం. 2015లో ప్రారంభమైన పట్టిసీమ ఎత్తిపోతల పథకం 24 పంపులతో, 8,500 క్యూసెక్కుల సామర్థ్యంతో గోదావరి నీటిని కృష్ణకు చేర్చింది. పల్లంపై నిలబడిన డెల్టా ఇలా పంపుపై ఆధారపడే దశకు చేరింది.

2. దొరువు: శ్రమే హద్దుగా

తీరపు ఇసుక నేలల్లో సేద్యానికి ఆధారం కాలువ కాదు, దొరువు. ఇసుకలో ఇంకిన వాననీరు, కింద ఉన్న ఉప్పునీటిపై పలుచని పొరగా నిలుస్తుంది. లోతు తక్కువ గుంట తవ్వి, ఆ నీటిని కుండలతో, కావిళ్లతో మోసి నారుమళ్లకు, కూరగాయ తోటలకు పోసేవారు. ఎంత నీరు తీయాలన్నది మనిషి ఓపికే నిర్ణయించేది. ఆ హద్దు ఎవరూ శాసనంగా రాయలేదు, కానీ అది తీపినీటి పొరను కాపాడింది.

ఇందులోని శాస్త్రాన్ని గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం వివరిస్తుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు తీపినీరు నిలిస్తే, దాని కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు తీపినీరు ఉంటుంది. దీన్ని తిరగేసి చూస్తే ప్రమాదం తెలుస్తుంది. తోడకం వల్ల పైమట్టం పది సెంటీమీటర్లు శాశ్వతంగా తగ్గితే, కింది ఉప్పునీరు కాలక్రమంలో నాలుగు మీటర్లు పైకి వస్తుంది. సముద్రం పైనుంచి కూడా వచ్చిన సందర్భాలున్నాయి. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో పది వేలకు పైగా మరణించారు. ఉప్పెన నీరు నిలిచిన చోట బావులు, చెరువులు ఉప్పుబారాయి.

బాపట్లలోని ఉప్పునీటి వినియోగ పరిశోధన కేంద్రం దొరువును ఆధునికీకరించింది. రంధ్రాలున్న గొట్టాలను తక్కువ లోతున అడ్డంగా పరచి, నీటిని ఒక బావిలోకి చేర్చి, చిన్న పంపుతో తోడే పద్ధతి ఇది. నిలువు బోరు ఉప్పును పైకి లాగితే, ఈ పద్ధతి తీపినీటిని మీగడలా తీస్తుంది. లోతు తక్కువ కనుక దీనికి చిన్న సౌర పంపు సరిపోతుంది.

3. కానుగ: గట్టు మీది ఇంధనం

కానుగ ఈ ప్రాంతానికి కొత్త చెట్టు కాదు. దాని నూనె దీపానికి, రొట్ట వరిచేనికి, పిండి ఎరువుకు ఉపయోగపడేవి. ఏటి ఒడ్డున, తీరాన పెరిగే ఈ చెట్టు కొంత ఉప్పును తట్టుకుంటుంది. దీనికి భిన్నంగా, 2003 తరువాత దేశవ్యాప్తంగా ప్రచారం పొందిన జట్రోఫా (అడవి ఆముదం) ఆశించిన దిగుబడి ఇవ్వలేదు. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి పెట్టుకున్న 20 శాతం మిశ్రమ లక్ష్యం బయోడీజిల్ విషయంలో నెరవేరలేదు.

సమాజమే నడిపిన ఉదాహరణ అప్పటి ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో కనిపిస్తుంది. అక్కడి ఆదివాసీ మహిళా సంఘాలు 2002లో 4,500 కానుగ మొక్కలు నాటాయి. పదేళ్లలో వచ్చే 51 టన్నుల నూనె డీజిలుకు బదులవుతుందన్న లెక్కపై, 147 టన్నుల కర్బన తగ్గింపును 2003లో ప్రపంచ బ్యాంకు 645 డాలర్లకు కొన్నది. ఈ అంకెలే పరిమితిని కూడా చెబుతాయి. సగటున ఏటా ఐదు టన్నుల నూనె ఒక గూడేనికి ఆసరా కాగలదు, డెల్టా ఇంజన్లన్నింటినీ నడపలేదు.

సార్వా వరి, ఆపై మినుము, పెసర పండే భూమిలో ఇంధన పంటకు చోటు వెతకడం ఆహారాన్ని తగ్గించడమే. కానుగకు తగిన చోటు కాలువ గట్టు, మురుగు కాలువ ఒడ్డు, బాట పక్క. అక్కడ ప్రశ్న సాగు గురించి కాదు, హక్కు గురించి. గట్టు ప్రభుత్వానిది, కాయ ఏరేది భూమిలేని స్త్రీ. ఆమెకు ఫలసాయంపై హక్కు లేకపోతే అది మరో కూలిపని మాత్రమే.

4. సౌర పంపు: హద్దులేని శక్తి

2019లో మొదలైన పీఎం–కుసుమ్ పథకం కింద 7.5 అశ్వశక్తి వరకు పంపు ఖర్చులో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరిస్తే, రైతు వంతు 40 శాతం. డెల్టాలో సాగు చేసేవారిలో కౌలుదారులు ఎక్కువ. ఏడాది కౌలుకున్న రైతు ఇరవై ఏళ్లు నిలిచే ఫలకాలపై పెట్టుబడి పెట్టడు. రాయితీ భూయజమానికి, నీటి కొరత కౌలుదారుకు మిగులుతాయి.

రెండవ చిక్కు ఇంతకన్నా లోతైనది. డీజిలు ధర ఇంజనును ఆపించేది, భుజాల నొప్పి కావిడిని దింపించేది. ఎండకు ధర లేదు. ఉప్పునీటిపై తేలే తీపినీటి పొర విషయంలో ఆ ఉచితమే ప్రమాదం.

దీనికి రెండు అనుభవాలు దారి చూపుతాయి. గుజరాత్‌లోని ధుండి గ్రామ రైతులు 2016లో సహకార సంఘంగా ఏర్పడి, సౌర పంపుల మిగులు విద్యుత్తును గ్రిడ్‌కు అమ్మారు. తోడకపోవడానికి కూడా అక్కడ ఆదాయం ఉంది. ఆంధ్రప్రదేశ్ రైతుల యాజమాన్య భూగర్భజల వ్యవస్థల పథకం కింద ఏడు కరువు జిల్లాల రైతులు తమ బోర్ల మట్టాలను తామే కొలిచి, దాని ప్రకారం పంటలు నిర్ణయించుకున్నారు. డెల్టాలో మట్టంతోపాటు ఉప్పు శాతాన్ని కూడా కొలవవలసి ఉంటుంది.

5. ముగింపు

1997 చట్టం ద్వారా రాష్ట్రంలో 10,292 నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటి సభ్యత్వానికి ఆధారం ఆయకట్టు భూమి, వాటి పరిధి కాలువ నీరు. దొరువు నీరు, గట్టు మీది కానుగ, భూమిలేని స్త్రీ ఆ పరిధికి వెలుపలే ఉండిపోయారు. వంతులవారీగా కాలువ నీరు పంచుకున్న అనుభవం డెల్టాకు ఉంది. ఆ అనుభవాన్ని దొరువుకు, గట్టుకు విస్తరింపజేస్తేనే సౌరశక్తి, జీవ ఇంధనం శివారు గ్రామానికి మేలు చేస్తాయి. పంపులు ముందు వచ్చి కట్టుబాటు తరువాత వస్తే, అప్పటికి మిగిలేది ఉప్పునీరే.